మీరు పంపిన పిల్ల

ఖోర్ ఫక్కాన్
11 మే 2006, గురువారం

నా బంగారు ఫైజాకు,

అమ్మ ఎన్నో దువాలతో రాసేదేమంటే, ఇక్కడ నేనూ మీ నాయనా ఒంట్లో బాగానే ఉన్నాం. ఆ చలి ఊళ్లో నువ్వు కూడా అల్లా దయవల్ల కులాసాగా ఉన్నావనీ, పూటకింత వండుకుని తింటున్నావనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. తెలుగులో రాసినందుకు సంతోషం. అక్కడక్కడ ఒత్తులు ఎగిరిపోయాయి, దీర్ఘాలు ఉండకూడని చోట కూర్చున్నాయి. అయినా ఎక్కడా ఆగకుండా చదవగలిగాను. నీకు పలక మీద అక్షరాలు దిద్దబెట్టినప్పుడు మీ నాయన ఏమన్నాడో నీకు గుర్తుండదు. ‘ఈ దేశంలో పుట్టిన పిల్లకు తెలుగెందుకే, అరబ్బీ ఇంగ్లీషూ చాలవా’ అన్నాడు. ఆ మనిషే ఇప్పుడు నీ ఉత్తరం వస్తే నాకంటే ముందు విప్పి, గుమ్మంలో నిలబడి కూడబలుక్కుని చదువుతున్నాడు.

చింతపండు దొరకడం లేదన్నావు. టమాటాలను బాగా మగ్గనిచ్చి, దించేశాక నిమ్మకాయ పిండు. పొయ్యి మీద ఉండగా పిండొద్దు, చేదెక్కుతుంది. పులుసు కాకపోయినా పులుసు లాంటిది అవుతుంది. మీ లిడియమ్మకు మాత్రం కారం తగ్గించి పెట్టు. నీకు గది అద్దెకిచ్చిన పాపానికి ఆ ముసలామె ముక్కు తుడుచుకుంటూ తినడం ఏం న్యాయం. అయినా రెండోసారి అడిగి పోయించుకుందని రాశావే, అది చదివి నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

బోరా అనే గాలి గురించి రాశావు. ఒకప్పుడు మనుషులు పడిపోకుండా మీ ట్రియెస్తే వీధుల్లో తాళ్లు కట్టేవాళ్లట, పట్టుకుని నడవడానికి. ఇక్కడ గాలి లేస్తే కళ్లలో ఇసుక కొడుతుందే కానీ మనిషిని పడేసేంత బలం దానికి లేదు. లిడియమ్మ చనిపోయిన తన భర్త ఓవర్‌కోటు నీకిచ్చిందనీ, వేసుకోవాలా వద్దా అనీ అడిగావు. అడిగేదేముంది, వేసుకో. ప్రేమగా ఇచ్చినదాన్ని మేకుకు తగిలించి పెడితే ఆమె మనసు కష్టపెట్టుకుంటుంది. చలి పూర్తిగా పోయాక డ్రై క్లీనింగ్‌కు ఇచ్చి, మడత నలగకుండా తెచ్చి ఆమె చేతికే ఇవ్వు.

క్లాసులో అందరూ ఎక్కడిదానివని అడుగుతున్నారని రాశావు. ఇండియా అంటే ఇండియాలో ఏ ఊరంటారు. నంద్యాల అంటే అక్కడ ఏముందంటారు. నీకేమో అక్కడి సంగతులంటే ఎండాకాలం సెలవులూ, మీ పెదనాయన ఇంటి మిద్దే తప్ప ఏమీ తెలియవు. దుబాయ్ అని చెబితే ఒంటెల గురించి అడుగుతారు. చివరికి ఖోర్ ఫక్కాన్ అని చెప్పి, పటంలో వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టానన్నావు. అందులో తప్పేమీ లేదు. నువ్వు పుట్టింది ఇక్కడి ఆసుపత్రిలో. నడక నేర్చింది ఇక్కడి సముద్రం ఒడ్డు కార్నిష్ మీద. ఉన్నమాట చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వెళ్లిన కొత్తలో పోస్టాఫీసులో మాట రాక ఏడ్చానని రాసిన పిల్లవు, ఇప్పుడు చేపల మార్కెట్లో ఇటాలియన్లో బేరమాడుతున్నావంటే నాకు ముచ్చటగా ఉంది. పాత పోర్టులో గోడౌన్ల కొలతలు తీస్తున్నామనీ, మీ ప్రొఫెసర్ నీ డ్రాయింగును అందరికీ చూపించాడనీ రాసిన భాగం చిట్టెమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. అర్బాబ్ పెద్దాయన ఇంట్లో పని ఎంత ఉన్నా నీ ఉత్తరం వచ్చిందంటే చాలు, ఆ అమలాపురం మనిషి వచ్చి కూర్చుంటుంది. ‘పిల్ల ఎక్కడున్నా ముసలమ్మల్ని మంచి చేసేసుకుంటదండీ అక్కా, అచ్చం మీ పోలికే’ అంది.

ఇక ఉత్తరం చివర నువ్వు అడిగినవాటికి వస్తాను. నాయన ఫోన్ దగ్గరికి ఎందుకు రావడం లేదు అన్నావు. మార్చిలో నీ పాస్‌పోర్టు కాపీ, ఫొటోలు, సంతకం చేసిన కాగితం ఎందుకు తెప్పించుకున్నారన్నావు. అర్బాబ్‌కు ఎలా ఉంది, చెబుతానని చెప్పడం లేదేమిటన్నావు. వీటిని నువ్వు విడివిడిగా అడిగావు. అన్నింటికీ జవాబు ఒక్కటే. కూర్చుని చదువు. నేనూ మీ నాయనా బాగున్నామని మొదట్లో రాసింది నిజమే, ఆ భయం పెట్టుకోకు.

అర్బాబ్ పోయాడు. నువ్వు వెళ్లిన కొద్ది రోజులకే, ఫిబ్రవరిలో. సాయంత్రం అసర్ నమాజుకు లేచి, మళ్లీ కూలబడ్డాడట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. మీ నాయన జనాజాకు వెళ్లి, మట్టి వేసి వచ్చి, షాపు తలుపులు సగం దించి కూర్చున్నాడు. షాపు లైసెన్సు ఆయన పేరు మీదిది. మీ నాయన వీసా ఆయన ఇచ్చినది. మీ నాయన వీసా మీద నువ్వూ నేనూ ఉన్నాం. ఆ పెద్దాయన ఉన్నన్నాళ్లూ ఈ సంగతి మనకు గుర్తే ఉండేది కాదు. ఆయన మనకు పూచీ పడ్డ కఫీలని కాగితాల్లో ఉండేది కానీ, మన షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, సోఫాకు గుడ్డ ఎలా లాగుతారో చూస్తూ పొద్దుపుచ్చే మనిషిగానే మనకు తెలుసు.

సంతాపం రోజులు అయ్యాక అబుదాబిలో ఉండే పెద్ద కొడుకు వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు, ఆ మాట చెప్పుకోవాలి. మీ నాయన తెప్పించిన చాయ్ తాగాడు. ‘బకాష్, నాన్న పద్ధతి వేరు. ఈ లైసెన్సులు, ఈ వీసాలు చూసుకునే తీరిక మాకు లేదు. ఈ వరుస మొత్తం పడగొట్టి కొత్త బిల్డింగ్ కడుతున్నాం. ఏప్రిల్ ఆఖరుకల్లా ఖలాస్ చేసుకో’ అన్నాడు. వరుస మొత్తం అంటే షాపూ, వెనకాల మన ఇల్లూ కలిపి.

మీ నాయన ఊరుకోలేదు. కల్బాలో ఒక షాపతను కఫీల్‌ను చూపిస్తానన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. బనియాస్‌లో కర్టెన్ల షాపు నడిపే దేవదానం దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ కుర్రతనంలో ఒకే గదిలో ఉన్నవాళ్లు కదా. దేవదానం లోపల కూర్చోబెట్టి అన్నం పెట్టి, ‘నీకు పని ఇస్తాను, వీసా ఇస్తాను. కుటుంబానికి వీసా ఇప్పించే స్తోమత నాకు లేదు బకాష్’ అన్నాడట. అతని తప్పు కాదు. మీ నాయన తిరిగొచ్చి, ‘ఈ వయసులో నువ్వొక దిక్కు, నేనొక దిక్కు బెడ్ స్పేస్‌లో పండుకోవాల్నా? వద్దు. పోదాం పా నంద్యాలకు’ అన్నాడు.

అక్కడిదాకా మా ఇద్దరికీ ఒకటే మాట. మాట తేడా వచ్చింది నీ దగ్గరే.

‘పాపకు ఫోన్ చేస్తా. వచ్చేయమంటా. అందరం ఒక్కసారే పోదాం’ అన్నాడు.

‘షార్జా యూనివర్సిటీ ఒక్క సెమిస్టరుకు పంపితే పోయింది, రెండు నెలలన్నా కాలేదు. మధ్యలో వదిలిపెట్టి వస్తే సెమిస్టరు పాయె, స్కాలర్‌షిప్పు పాయె. ఇంక ఒక్క ఏడాది ఉండే చదువు’ అన్నాను.

‘అట్లని దాన్ని ఆడ పెట్టి, ఈడ వీసా కొట్టేపించుకుంటే? చదువు అయినాక యాడికి రావాల అది? ఏ దేశంలో దిగాల?’

‘యూనివర్సిటీ వాళ్లు పిల్లలను వాళ్ల వీసా మీద పెట్టుకుంటారంట. అడుగుతా.’

‘నువ్వు అడుగుతావా? షార్జాకు ఒక్కదానివి ఎప్పుడన్నా పోయినావా?’

‘పోలేదు. పోతా.’

‘ఏమైందని పాప అడిగితే నేను అబద్ధం చెప్పలేను షాదీ’ అన్నాడు. ‘చెప్పొద్దు, ఫోన్ దగ్గరికే రావొద్దు’ అన్నాను. నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ నాయన స్నానంలోనో, మసీదులోనో, గిరాకీ దగ్గరో ఉండటానికి కారణం అది. గిరాకీ అప్పటికే లేదు.

నీకు చెప్పకూడదని నిర్ణయించింది నేను, ఫైజా. ఇది నీకు తెలియాలి. మీ నాయనకు ఇష్టం లేదు. నీకు చెబితే నువ్వేం చేస్తావో నాకు తెలుసు. ఆ రోజే సూట్‌కేసు సర్దుకుని వచ్చేస్తావు. వచ్చి మాకు ధైర్యం చెబుతావు, సామాన్లు సర్దుతావు, నంద్యాలలో ఏదో కాలేజీ చూసుకుంటానంటావు, ఎన్నడూ ఒక్క మాట అనవు. అంత మంచి పిల్లవని భయపడే నీకు చెప్పలేదు.

తర్వాత జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు కావాల్సింది గడువు. మీ నాయన వీసా రద్దు కావాలంటే ఆయన మీద ఉన్న నీదీ నాదీ ముందు రద్దు చేయాలి. నీకు కొత్త వీసా ఖాయం కాకుండా పాతది పోతే, నువ్వు తిరిగి అడుగుపెట్టడానికి దారి ఉండదు. పెద్ద కొడుకు ఏప్రిల్ అన్నాడంటే ఏప్రిలే. మీ నాయన రెండుసార్లు అడిగాడు, ‘ఇన్‌షా అల్లా చూద్దాం’ అన్నాడే కానీ మాట ఇవ్వలేదు. అతని మాట మీద మాట చెప్పగలిగింది వాళ్లమ్మ, మనమంతా మామా అని పిలిచే ఆ పెద్దావిడ ఒక్కతే. ఆమె భర్త పోయిన ఇద్దత్ గడువులో ఉంది, పరాయి మగవాళ్ల ఎదుట పడదు. మీ నాయన వెళ్లే వీలు లేదు. నేను వెళ్లవచ్చు.

చిట్టెమ్మను అడిగాను. ‘వచ్చేయండక్కా, అసర్ అయ్యాక మామా ఒక్కరే కూర్చుంటారు. నేనుంటాను కదండీ’ అంది. నేను అలవాటుగా వంటింటి వైపు నడవబోతే చెయ్యి పట్టి ఆపింది. ‘ఇటెందుకండీ? మీరు పనికి రాలేదు, పలకరింపుకొచ్చారు. ముందు గుమ్మంలోంచే రండి’ అంది. తల మీద కొంగు సర్దుకుని ముందు గుమ్మం వైపు తిరిగాను.

మామా బాగా చిక్కిపోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని గహ్వా కాఫీ పోయించింది. నీ గురించే మొదట అడిగింది, ఈద్‌కు మనవరాళ్ల చేతులకు మెహందీ పెట్టిన పిల్ల ఎక్కడుందని. నేను ఆగి ఆగి చెప్పాను. నాకు అరబ్బీ అందని చోట హిందీలో అంటే, చిట్టెమ్మ అందుకుని చెప్పింది. షాపు గురించి గానీ, ఇల్లు గురించి గానీ అడగలేదు. ‘బిల్డింగ్ మీది, మీ ఇష్టం. నా బిడ్డ కాగితం పూర్తయ్యేదాకా మా వీసాలు ఉంచండి. అది కాగానే వెళ్లిపోతాం’ అన్నాను.

ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది. తర్వాత మొబైల్ తెమ్మని కొడుకుతో మాట్లాడింది. గట్టిగా మాట్లాడలేదు కానీ అవతల అతను రెండు మూడుసార్లు ఏదో చెప్పబోతే ఆపేసింది. చిట్టెమ్మ నా చెవి దగ్గర, ‘మీ నాన్న బతికుంటే ఈమె ఈ గుమ్మం ఎక్కాల్సొచ్చేదా అంటన్నారండీ’ అంది. ఫోన్ పెట్టేసి మామా నాతో ఒకటే మాట అంది, మే నడిమి దాకా అని. లేస్తుంటే ఖర్జూరాల డబ్బా ఇచ్చింది. గేటు బయటికి వచ్చాక చిట్టెమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు ఏడుపు రాలేదు, ఆకలి వేసింది.

షార్జాకు సనావుల్లా టాక్సీలో వెళ్లాను. నీకు తెలుసుగా, నెల్లూరతను, ఈ లైన్లో షేర్ టాక్సీ తోలుతాడు. మీ నాయన వస్తానన్నాడు, వద్దన్నాను. ఆ రోజు ఆయన షాపులో ఒక మజ్లిస్ సోఫా సెట్టు డెలివరీ ఇవ్వాలి. ఒప్పుకున్న చివరి పని అది. మసాఫీ దాటాక కొండలు అయిపోయి ఇసుక మొదలవుతుంది కదా, అక్కడ నాకు వెనక్కి తిరిగిపోదామనిపించింది. సనావుల్లా అద్దంలో చూసి, ‘ఏం వదినా, మొకం అట్టా పెట్టుకున్నావు? అడగబొయ్యేది మన బిడ్డ సంగతే గదా. దొంగతనానికి పోతన్నామా ఏంది’ అన్నాడు.

యూనివర్సిటీ కౌంటర్ దగ్గర కుర్రాడు కాగితాలు చూసి విద్యార్థి రావాలన్నాడు. ఇటలీలో ఉందన్నాను. అయితే వచ్చాక రండి అన్నాడు. వచ్చేసరికి వీసా ఉండదన్నాను. అది మా పని కాదు అన్నాడు. నా వెనక వరుసలో పిల్లలున్నారు. పక్కకు జరిగి బెంచీ మీద కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. అంతలో లోపలి గదిలోంచి ఒకామె వచ్చింది. ఆమె వస్తుంటే కౌంటర్ కుర్రాడు లేచి నిలబడ్డాడు. మధ్యాహ్నం జొహర్ అజాన్ అయింది, ఆమె ఆడవాళ్ల నమాజు గది వైపు వెళ్తోంది. నేనూ వెనకాలే వెళ్లాను. వజూ చేసుకుని, ఆమె వెనక వరుసలో నిలబడి నమాజు చదివాను. ఆ రోజు దువాలో ఏం అడిగానో నీకు చెప్పక్కర్లేదు.

ఆమె చెప్పులు వేసుకుంటుంటే సలాం చెప్పి ఎదురు నిలబడ్డాను. నా అరబ్బీ నీకు తెలుసు, కూరగాయల అరబ్బీ. దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ అక్కడ పోయాయి. ‘మీరు పంపిన పిల్ల. నేను పంపలేదు, యూనివర్సిటీ పంపింది. మీరు పంపిన పిల్ల మళ్లీ మీ దగ్గరికి రావడానికి తలుపు లేదు. ఆ తలుపు మీరే తీయాలి’ అన్నాను. వ్యాకరణం ఎట్లా ఉందో అల్లాకే తెలియాలి.

‘ఎక్కడికి పంపాం?’ అందామె.

‘ఇటాలియా.’

‘పేరు?’

చెప్పాను. ‘ఆర్కిటెక్చర్ ఫైజానా?’ అంది. మీ ప్రొఫెసర్ అక్కడి నుంచి నీ గురించి రాసిన ఈమెయిల్ ఈమెకు కూడా వచ్చిందట. నన్ను తన గదికి తీసుకెళ్లింది. మన గొడవ అంతా విన్నది. విని, నేను అనుకున్నంత సులువు కాదని కూడా చెప్పింది. హాస్టల్లో సీటు ఉండాలి. తండ్రి వచ్చి సంతకం పెట్టాలి. నీ సంతకం కావాలి. అన్నిటికంటే ముఖ్యం, పాత వీసా రద్దయిన కాగితం చూపిస్తేనే కొత్తదానికి పంపడం కుదురుతుంది. ‘మధ్యలో ఏదైనా ఆగిపోతే?’ అని అడిగాను. ఆమె నిజం చెప్పింది. ‘నేను మాట ఇవ్వలేను. కానీ ఫైలు నా బల్ల మీదే ఉంటుంది’ అంది.

ఆ తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. మీ నాయన వచ్చి సంతకం పెట్టాడు. ఏప్రిల్ ఆఖరులో ఇమిగ్రేషన్‌కు వెళ్లి ముందు నీ వీసా ఒక్కటే రద్దు చేయించాం. ఆ కాగితం చేతికి తీసుకున్నాక మీ నాయన బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ‘పుట్టిన పిల్లను నా వీసా మీద ఎక్కించుకునేటప్పుడు ఈ ఆఫీసుకే వచ్చినా’ అన్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. కొత్త వీసా వచ్చేదాకా గడిచిన రోజుల్లో నువ్వు ఈ దేశపు ఏ కాగితంలోనూ లేవు. ఆ వారంలోనే ఒకసారి ఫోన్ చేసి, ‘అమ్మా, నీ గొంతేంటి అలా ఉంది’ అన్నావు. జలుబన్నాను. ఫైజా, అది ఒక్కటి మాత్రం పచ్చి అబద్ధం.

పోయిన ఆదివారం వీసా వచ్చింది. సనావుల్లా వెళ్లి యూనివర్సిటీలో ఆమె దగ్గర నుంచి కాపీ తెచ్చాడు. అసలు కాగితం ఎయిర్‌పోర్టు కౌంటర్లో జమ చేశారు, దిగగానే అక్కడ తీసుకోవాలి. కాపీ ఈ కవరులోనే పెట్టాను. వీసా రెండు నెలలే చెల్లుతుంది. నీ టికెట్ జూన్ ఆఖరుకు ఉంది కాబట్టి సరిపోతుంది, ఏ కారణం చేతా తేదీ ఆ తర్వాతకు జరపకు. మూడో రోజున మా ఇద్దరి వీసాలూ కొట్టేయించుకున్నాం. ఆదివారం విమానానికి హైదరాబాద్ వెళ్తున్నాం. అక్కడి నుంచి రైలు. ఈ ఉత్తరం నీకు అందేసరికి మేం నంద్యాలలో ఉంటాం. మీ పెదనాయన మౌలా సాహెబ్ ఇంటి వీధిలోనే చిన్న ఇల్లు చూశారట.

కాబట్టి నువ్వు దుబాయ్‌లో దిగాక ఖోర్ ఫక్కాన్‌కు రావద్దు. ఇక్కడ మన ఇల్లు ఉండదు. సనావుల్లా ఎయిర్‌పోర్టుకు వస్తాడు. రెండు రోజులు షార్జాలో వాళ్లింట్లో ఉండి, అతని భార్య ఫర్జానాను వెంట తీసుకుని హాస్టల్‌కు వెళ్లు. నీ పుస్తకాలు, డ్రాయింగ్ బోర్డు, బట్టల పెట్టె వాళ్లింట్లోనే ఉంచాం. వీసా ముద్ర పాస్‌పోర్టులో పడ్డాక సెలవులకు నంద్యాలకు రా. నీ గది గోడ మీద చిన్నప్పుడు గీసిన పోర్టు క్రేన్ల బొమ్మకు సున్నం వేయలేదు. వేసి ఏం లాభం, గోడే పోతుంది. మీ నాయన ఫొటో తీయించి పెట్టాడు.

కుట్టు మిషన్లు కొనుక్కునేవాళ్లు వచ్చి తీసుకెళ్లే ముందు మీ నాయన ఒక పని చేశాడు. ఇక్కడికి వచ్చాక స్పాంజీ, రెక్సీన్ తప్ప ఇంకొకటి ముట్టని మనిషి, ఎక్కడి నుంచో దూది మూట తెచ్చాడు. దూది ఏకే విల్లు లేదు కదా, షాపులో నేల మీద దుప్పటి పరిచి, రెండు రోజులు చేత్తోనే విడదీశాడు. గడ్డం నిండా, కనుబొమల నిండా దూది. చివరికి ఒంటిమంచానికి సరిపడే పరుపు అయింది. అంచులు నేను కుట్టాను. దాన్ని టాక్సీ మీద కట్టుకుని హాస్టల్‌కు తీసుకెళితే వార్డెన్, పరుపులు మేమే ఇస్తామంది. ‘మీ పరుపు మీది, ఇది దాని పైన వేసుకుంటుంది. మా కులం పని అమ్మా ఇది, మా బిడ్డకు చేసి ఇచ్చుకున్నాం’ అని మీ నాయన హిందీలో చెప్పాడు. ఆమెకు ఎంత అర్థమైందో గానీ తాళం తీసింది. కిటికీ పక్క మంచం నీది. పరిచే వచ్చాం.

ఇప్పుడు ఇల్లంతా ఖాళీ. వంటింట్లో నేల మీద కూర్చుని రాస్తున్నాను. చిట్టెమ్మ పొద్దున వచ్చి కరివేపాకు కుండీ తీసుకెళ్లింది. ‘మీరెళ్లిపోతే నేనెవరితో మాట్టాడాలండీ’ అని మాత్రం అంది. మామాను చూసి వచ్చాను. ఆమె నీకు సలాం చెప్పమంది.

నీకు కోపం వస్తుంది. రావాలి కూడా. నువ్వు పుట్టి పెరిగిన ఇంటికి నిన్ను చివరిసారి రానివ్వకుండా, నీకు చెప్పకుండా తాళం వేసినదాన్ని నేను. ఆలోచించి చేశాను. మళ్లీ అలాంటి అవసరం వస్తే మళ్లీ అలాగే చేస్తాను, ఆ మాట కూడా దాచను. తిట్టాలనుకుంటే ఉత్తరంలో వద్దు, ఉత్తరాన్ని మీ నాయన ముందు విప్పుతాడు. మీ పెదనాయన ఇంటికి ఫోన్ చేసి నన్నే పిలిచి తిట్టు. తర్వాత మీ నాయనకు ఇస్తాను. ఆయన ఇంక స్నానంలో ఉండడు. పరీక్షలు మాత్రం మనసు చెదరనివ్వకుండా రాయి.

ఇంకొక్క మాట రాసి ముగిస్తాను. నీ వీసా కాగితంలో స్పాన్సర్ అన్న చోట ఎప్పుడూ మీ నాయన పేరు ఉండేది. ఇప్పుడు యూనివర్సిటీ పేరు ఉంది. మొన్న ఆ కాపీని కవరులో పెట్టేముందు మీ నాయన తీసుకుని, కిటికీ దగ్గర నిలబడి చదివాడు. బాధపడతాడేమో అనుకున్నాను.

‘షాదీ, ఇంక మనం ఈ దేశానికి రావాలంటే ఫైజానే పిలవాల’ అన్నాడు.

‘పిలుస్తుందంటావా?’ అన్నాను.

‘పిలవకేం. డిగ్రీ ఇచ్చే రోజు తల్లీదండ్రికి రెండు కుర్చీలన్నా ఏయరా’ అన్నాడు.

వచ్చే ఏడు ఆ రెండు కుర్చీల సంగతి కనుక్కో తల్లీ.

ఇట్లు,
నీ మేలు కోరే మీ అమ్మ,
షహజాదీ